ఉడుకు మీద నీళ్లు

ఉట్నూర్‌లో బస్సు దిగేసరికి ఉదయం పదీ ఇరవై. సన్నగా వాన. నా సామాను ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపుచుట్ట, టార్చిలైటు, స్టెతస్కోపు, రబ్బరు బూట్లు. జూన్ రెండో వారం అది. అక్టోబరు ఆఖరుదాకా డ్యూటీ.

సైన్యంలో నేను తుపాకీ పట్టలేదు. సైనిక ఆసుపత్రుల్లో నర్సింగ్ ఆఫీసర్‌గా చేశాను. మేజర్ హోదాలో రిటైరై పెద్దపల్లికి వచ్చి ఏడేళ్లయింది. ఉట్నూర్ పోస్టింగ్ సైన్యం ఇచ్చింది కాదు. కరీంనగర్‌లోని ఒక చిన్న సంస్థ వానాకాలమంతా ఏజెన్సీ ఊళ్లకు మందుల బండి నడుపుతుంది. దానికి నర్సు కావాలంటే వెళ్లాను. మా వీధిలోవాళ్లు దాన్ని సేవ అన్నారు. నా లెక్కలో అది పోస్టింగే. ఏరియా ఉంది, బండి ఉంది, హాజరు కావలసిన వేళ ఉంది. అంతకంటే ఏం కావాలి?

అంగడి బజారు వెనక రెండు గదులు మా బేస్. ఒకదాంట్లో మందులు, ఒకదాంట్లో నేను. ముందు రేకుల పందిరి కింద బండి. తెల్ల పికప్, వెనక టార్పాలిన్ గూడు, ఒక పక్కన బల్ల, ఇంకో పక్కన స్ట్రెచర్, టీకాల ఐసు పెట్టె. వాన టార్పాలిన్ మీద పడుతుంటే వెనకనుంచి ఎంత అరిచినా క్యాబిన్‌లోకి వినపడదు. అందుకని సంస్థవాళ్లు రెండు వాకీటాకీలు ఇచ్చారు. ఒకటి డ్రైవర్ దగ్గర, ఒకటి నా దగ్గర.

డ్రైవర్ పేరు మారుతి. నలభై దాటిన మనిషి, ఇంద్రవెల్లి పక్క ఊరు. ఇంటి దగ్గర నాలుగెకరాల పత్తి, ఒక జత ఎడ్లు. మొదటి రోజే అడిగాడు.

"మేజరంటే మీ దగ్గర తుపాకి ఉంటదా అమ్మా?"

"సూది ఉంటది."

"గట్లయితే తుపాకే నయముండె."

రోజూ ఉదయం ఆరున్నరకు బండి తనిఖీ. టైర్లు, నీళ్లు, ఆయిలు, బ్రేకు, లైట్లు. నేను ఒక్కొక్కటి పేరు చదవాలి, అతను చేత్తో తాకి చూపించి జవాబు చెప్పాలి. మొదటి వారం విసుక్కున్నాడు. రెండో వారం నాకంటే ముందే పందిరి కింద నిలబడ్డాడు. ఏడింటికి బయలుదేరేవాళ్లం.

మా దారుల్లో కష్టమైనది గురువారం దారి. ఉట్నూర్ దాటాక తారు రోడ్డు, తర్వాత ఎర్రమట్టి, ఆ తర్వాత కొండ మలుపుల ఘాటు. ఘాటు దిగుడంతా బ్రేకు మీదే. కింద వాగు. వాగు దాటి అర కిలోమీటరు సాఫు నేల మీద వెళితే గోండుల పల్లె. దాన్ని అందరూ వాగవతలి గూడ అనేవాళ్లు. వాగు మధ్యలో ఒక నల్లటి బండరాయి ఉండేది. రాయి నెత్తి కనిపిస్తే బండి దాటుతుంది, మునిగితే దాటదు. అదొక్కటే అక్కడి కొలత.

ఆగస్టు చివర్లో పొలాల అమావాస్య వచ్చింది. ఆ రోజు అక్కడ ఎడ్లను పనికి కట్టరు. ముందురోజే వాగులో కడిగి, కొమ్ములకు రంగు పూసి, బొడిపెలకు కుచ్చులు కట్టి ఊరేగిస్తారు. మారుతి ముందురోజు సాయంత్రమే ఇంటికి వెళతానని బండి తీసుకుని బయలుదేరాడు. పండగ మర్నాడు వచ్చాడు. బండి తళతళలాడుతోంది. రెండు అద్దాలకూ ఎర్ర కుచ్చులు, బానెట్ మీద పసుపు బొట్టు. బాగుందన్నాను. తనిఖీ చేశాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి.

అతను తిరిగొచ్చిన అయిదో రోజు శబ్దం మొదలైంది.

నేను వెనక బల్ల మీద ఉన్నాను. బండి వేగం అందుకున్నాక కాళ్ల కిందినుంచి ఒక మూలుగు. సన్నగా, ఆగకుండా. వేగం పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది.

"మారుతీ, ఎనుక ఏందో మూలుగుతుంది."

"టైరు శబ్దమమ్మా. రోడ్డు గరుకున్నది."

తారు రోడ్డు దాటి మెత్తటి మట్టిలోకి వచ్చాం. మూలుగు అలాగే ఉంది. టైరుదైతే మట్టిలో మారాలి.

మాది నేతపని ఇల్లు. నేను పుట్టి పెరిగింది పవర్‌లూమ్ షెడ్డు పక్కన. మగ్గాలన్నీ ఒకేసారి ఆడుతుంటే ఆ హోరులో మాట వినపడదు. కానీ మా బాపు బీడీ నోట్లోంచి తీసి, "మూడోది ఎండిపోయింది, నూనె వెయ్యుండ్రి" అనేవాడు. ఎట్లా తెలిసిందని అడిగితే, "బరువు పెట్టి విను, బరువు తీసి విను. రోగమున్నది ఒర్లుతది" అనేవాడు. ఆసుపత్రిలో నలభై రకాల మూలుగులు విన్నాను కానీ అంతకంటే మంచి పాఠం నాకెవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రం బండిని మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్లాం. ఉట్నూర్ జీపులన్నీ ఆయన చేతి కిందే నడుస్తాయి. ఆ రోజు షెడ్డు ముందు ఆరు జీపులు వరసలో ఉన్నాయి. ఆయన ఒక చుట్టు తిప్పి తెచ్చి, కిందికి దిగుతూనే చెప్పాడు.

"క్రౌన్ పినియన్ పోయిందమ్మా. ఎనుక దిమ్మ మొత్తం దించాలె. సామాను మంచిర్యాలకెల్లి రావాలె. వారం పడ్తది."

క్రౌన్ పినియన్ అంటే వెనక ఇరుసు నడుమ ఉండే పళ్ల చక్రాల జత. ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ పంచేది అదే.

"గట్లనే నడిపితే?"

"నడిస్తే నడుస్తది. ఘాటు మీద పన్ను ఇరిగి ఇరుక్కున్నదనుకో, చక్రాలు పట్టేస్తయి. ఎనుక పేషంటుంటే ఏం జేస్తరు?"

ఆయన చెప్పింది న్యాయమే. నేను వాదించలేదు.

బేస్‌కు వచ్చేసరికి మెట్ల మీద సోంబాయి కూర్చుని ఉంది. వాగవతలి గూడ ఆశా కార్యకర్త. వాగు నడిచి దాటి, ఘాటెక్కి, జీపు పట్టుకుని వచ్చింది. చీర నడుముదాకా తడిసి ఉంది.

"మాన్కుబాయి కాళ్లు ఉబ్బినయమ్మా. మొకం గూడ. బీపీ నూట యాభై సూపిచ్చింది. తలకాయ నొస్తుందంటుంది."

మాన్కుబాయి నాకు తెలుసు. రెండో కాన్పు. మొదటిది ఆపరేషన్. నెలలు నిండాయి. నేను ప్రతి గురువారం చూస్తున్న మనిషి. కిందటి గురువారం ఆమె బీపీ మామూలుగానే ఉంది. నొప్పులు ఇంట్లో మొదలైతే పాత కుట్టు తెగవచ్చు, ఫిట్స్ రావచ్చు. ఆమె వెంటనే ఆసుపత్రిలో ఉండాలి. అంబులెన్సు వాగు ఇవతలిదాకా వస్తుంది. వాగు దాటగల ఎత్తు బండి ఆ పక్క మాది ఒక్కటే.

"మంచం మీద మోసుకొని దాటిస్తే?" అన్నాడు మారుతి.

"నేను దాటినప్పుడే నడుముల దాక ఉన్నయి," అంది సోంబాయి. "మంచం మోసేటోళ్లు కొట్టుకపోతరు."

బీపీ మాత్రలు ఇచ్చి, ఎలా వేయాలో రెండుసార్లు చెప్పించుకుని ఆమెను పంపాను. ఎల్లుండి పొద్దున బండి వస్తుందని చెప్పాను. మారుతి నా వైపు చూశాడు.

"ఎట్ల వస్తదమ్మా?"

"ఏది పోయిందో తెలవకుంట ఘాటు దిగను. తెలుసుకోకుంట ఊకోను. పొద్దుగాల ఆరింటికి రా."

మర్నాడు ఆరింటికి వాన లేదు. ఊరి బయట తారు రోడ్డు కొంతదూరం నేరుగా ఉంటుంది. స్ట్రెచర్ తీసేసి వెనక రేకు మీద బోర్లా పడుకుని చెవి ఆనించాను. మారుతి క్యాబిన్‌లో.

"నలభైకి తే."

"నలభై మీదున్న."

"రేస్ ఇయ్యి."

ఇంజను గర్జించింది. మూలుగు మారలేదు.

"రేస్ ఇడువు. బ్రేకు తొక్కకు."

బండి దానంతటదే నెమ్మదించింది. మూలుగు వేగంతోపాటు తగ్గింది. రాగం మాత్రం మారలేదు.

పళ్ల చక్రాలు రేస్ ఇచ్చినప్పుడు పన్నుకు ఒక వైపు ఒరుసుకుంటాయి, వదిలినప్పుడు రెండో వైపు. అవి అరిగితే ఈ రెండు వేళల్లోనూ గొంతు వేరుగా ఉండాలి. మూడుసార్లు చేయించాను. మూడుసార్లూ ఒకటే గొంతు. ఇంజను బలంతో దానికి పని లేదు. చక్రం తిరగడంతోనే పని.

ఇక ఏ చక్రం?

"ఎడమ దిక్కు తిప్పు. జర గట్టిగ."

బరువంతా కుడి చక్రం మీదికి ఒరిగింది. మూలుగు ఒర్లుడైంది. నా దవడ ఎముకలోకి తగిలింది.

"కుడి దిక్కు."

నోరు మూసినట్టు ఆగిపోయింది.

"మల్ల ఎడమ."

"అమ్మా, నాకు గూడ ఇనవడ్డది!" అని అరిచాడు రేడియోలో. "కుడి చక్రం! కుడిదే!"

మిస్త్రీ షెడ్డుకు తిరిగి వచ్చాం. బండి దిగి రెండు వెనక చక్రాల నడుమ ఉండే హబ్బులకూ చేతి వెనుకభాగం ఆనించాను, జ్వరం చూసినట్టు. ఎడమది గోరువెచ్చన. కుడిది చెయ్యి నిలవనివ్వలేదు. స్టెతస్కోపు కూడా పెట్టి చూశాను. జాకీ మీద ఎత్తి చక్రం తిప్పుతుంటే ఇరుసంతా ఒకటే రొద. ఇనుము శబ్దాన్ని దాచుకోదు, ఈ కొసనుంచి ఆ కొసకు మోసేస్తుంది. అది పనికి రాలేదు.

"బీపీ ఎంతున్నదమ్మా?" అన్నాడు మిస్త్రీ, టీ గ్లాసుతో వెనక నిలబడి.

"నువ్వే పట్టి చూడు."

ఆయన గ్లాసు కింద పెట్టి, కుడి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. చక్రం కటకటమని ఆడింది. ఇరుసు నడుమ దిమ్మ బిరడా విప్పి, వేలు లోపలికి పోనిచ్చి ఆయిలు తీసి ఎండలో చూశాడు. నల్లగా ఉంది, మెరుపు లేదు. పళ్లు అరుగుతుంటే అందులో ఇనుప రజను మెరవాలి.

"పినియన్ సాఫున్నది. హబ్బుల బేరింగే," అన్నాడు. "నిన్న ఆరు జీపుల లొల్లిల ఇన్న. ఏం ఫికర్ జెయ్యకుండ్రి, ఒక పూట పని."

ఇరుసు కడ్డీ బోల్టులు విప్పి లాగాడు. మారుతి హబ్ పట్టి బయటికి తీశాడు. లోపలి గ్రీజు పసుపుగా ఉండాలి. ఇది మజ్జిగలా తెల్లగా ఉంది. బేరింగ్ తుడిచి చూస్తే ఉక్కు రోలర్ల మీద అమ్మవారు పోసిన మొహంలా గుంటలు.

"నీళ్లు వొయినయి," అన్నాడు మిస్త్రీ. "శానా నీళ్లు."

నాకు లెక్క కుదరలేదు. గురువారం వాగు దాటినప్పుడు నీళ్లు చక్రంలో సగానికి కూడా రావు. అదీ నాలుగు నిమిషాలు. మిగిలిన మూడు హబ్బులూ అదే వాగు దాటాయి.

"మారుతీ, బండి నీళ్లల్ల ఏడనన్న ఆపినవా?"

అతను అద్దానికి వేలాడుతున్న ఎర్ర కుచ్చు వైపు చూశాడు.

"పొలాల అమాస ముందటి రోజు," అన్నాడు. "మా ఊరి వాగుల ఎడ్లకు తానం పోసిన. మరి ఇది గూడ నా ఎద్దే గదా అనుకున్న. వాగులకు దింపి, కుడి దిక్కు జర లోతుల నిలవెట్టి, ఎడ్లతోని పాటు దీన్ని గూడ తోమిన. గంట సేపున్నది."

"ఇంటికి ఎట్ల పోయినవ్?"

"ఘాటు దిగి పోయిన."

"దిగంగనే నీళ్లల్ల వెట్టినవా?"

మరిగించిన సీసాకు రబ్బరు మూత బిగించి చల్లారనిస్తే మూత లోపలికి గుంజుకుంటుంది. నర్సులందరికీ తెలిసినదే. ఘాటు దిగి బ్రేకులకు కాలిన హబ్ ఆ సీసాలాంటిది. చన్నీళ్లు తగలగానే లోపలి వేడిగాలి ముడుచుకుపోయి, సీల్ అనే రబ్బరు కట్టు సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఇదంతా అతనికి వివరించబోయాను. అవసరం లేకపోయింది.

"ఎద్దుకు గూడ ఉడుకు మీద నీళ్లు పొయ్యం," అన్నాడు నెమ్మదిగా. "నాగలి ఇడిశినంక, చెమట ఆరినంకనే తానం. చిన్నపోరగాళ్లకు గూడ ఎర్కే. నేనేమో దీన్ని ఎద్దు అన్న గని, ఎద్దు లెక్క సూడలే."

మిస్త్రీ నవ్వు ఆపుకున్నాడు. "పోనీ తియ్. ఈ పండుగ అయినంక గిన్ని జీపులు నా దగ్గరికి ఎందుకు వస్తయో ఇప్పుడు తెలిసింది."

బేరింగ్ కోసం మంచిర్యాలకు ఫోన్ చేశాడు. మధ్యాహ్నం బస్సులో పొట్లం వచ్చింది. బేరింగ్ సరైనదే. సీల్ మాత్రం వేలి మందం పెద్దది, కూర్చోలేదు. సరైన సీల్ కోసం ఇంకో రెండు రోజులు పడుతుందన్నారు. పాతదాన్నే శుభ్రం చేసి, అంచును తడిమి తడిమి చూసి మళ్లీ పెట్టాడు.

"నడుస్తది. ఉడుకు మీద నీళ్లల్ల వెట్టకుంటె సాలు."

నట్టు బిగించే దగ్గర నేను నిలబడ్డాను. మారుతి బలమంతా పెట్టి పానా లాగుతున్నాడు. ఆపమన్నాను. చక్రం తిప్పుతూ బిగించాలి, పూర్తిగా పట్టాక కొంచెం వదలాలి, వదిలాక ఊపితే ఆడకూడదు, తిప్పితే బిగుసుకోకూడదు. నాలుగుసార్లు విప్పించి బిగింపించాను. ఆఖరుకు మిస్త్రీ పానా కింద పెట్టి, "మిలట్రీల అందరు గింతేనా అమ్మా?" అన్నాడు.

"నేను జర మెత్త."

సాయంత్రం అదే రోడ్డు మీద, అదే నలభై వేగంతో, ఎడమకూ కుడికీ తిప్పాం. రేకుకు చెవి ఆనించాను. టైర్ల కింద కంకర చప్పుడు తప్ప ఏమీ లేదు.

మర్నాడు ఏడింటికి బయలుదేరాం. ఆకాశం నల్లగా ఉంది. ఘాటు పైకి చేరేసరికి కొండల మీద వాన కనిపించింది. అది పడుతున్నది వాగు వచ్చే వైపే. దిగుడంతా మారుతి బ్రేకు మీదే ఉన్నాడు. కుడి చక్రంలో శబ్దం లేదు. వాగు ఒడ్డుకు చేరాం. రాయి నెత్తి జానెడు పైకి కనిపిస్తోంది. నీళ్ల రంగు ఎర్రబడింది.

బండి ఆగింది.

"మారుతీ, ఎందుకు ఆగినవ్?"

వెనక రేకు దించుకుని దిగాను. వాన మొదలైంది. మారుతి కుడి చక్రం పక్కన గొంతుక్కూర్చుని, అరచేతి వెనుకభాగం హబ్‌కు ఆనించి ఉన్నాడు. చక్రం మీద పడ్డ చినుకులు ఆవిరై లేస్తున్నాయి.

"నీళ్లు పెరుగుతున్నయి," అన్నాను.

"సూస్తున్న."

"అవతల ఆమె తలనొప్పితోటి ఉన్నది."

"ఎర్కే. సీల్ పాతది. ఇప్పుడు దింపితే మల్ల తాగుతది. ఆమెను ఎక్కిచ్చుకొని ఘాటెక్కాలె మనం."

అక్కడ నేను ఆర్డరు ఇవ్వగలను. సైన్యంలో ఒక నియమం ఉండేది. బండిలో ఎంత పెద్ద ఆఫీసరున్నా స్టీరింగ్ డ్రైవర్‌ది. ఆ నియమం నేను ఎప్పుడూ దాటలేదు. ఆ రోజు దాటాలనిపించింది. రాయి వైపు చూశాను. జానెడు బెత్తెడైంది. మాన్కుబాయి కాళ్ల వాపు నా కళ్ల ముందు ఉంది. కానీ ఆర్డరు ఇవ్వలేదు. అతని పక్కనే నిలబడ్డాను.

అతను రెండో చేత్తో టైరును నిమురుతున్నాడు. ఎద్దు మెడ కింద గంగడోలును నిమిరినట్టు. ఆ సంగతి అతనికి తెలియదనుకుంటాను.

కాసేపటికి లేచాడు.

"పోదాం."

రాయి మీద మూడు వేళ్ల మందం మిగిలినప్పుడు దాటాం. మాన్కుబాయిని, ఆమె అత్తను, సోంబాయిని ఎక్కించుకుని వెనుదిరిగాం. ఊరినుంచి వాగుకు సాఫు దారి, బ్రేకుతో పని లేదు. మారుతి ఒక్క క్షణం దిగి చెయ్యి ఆనించి, తలూపి ఎక్కాడు. రాయి కనిపించలేదు. అది ఎక్కడ ఉండాలో అక్కడ నీళ్లు మడత పడుతున్నాయి.

"ఎనుక పట్టుకొని కూసోండ్రి," అన్నాడు రేడియోలో. "ఆపను."

నీళ్లు రేకు సందుల్లోంచి లోపలికి వచ్చాయి. అత్త గోండిలో ఏదో మొక్కుకుంటోంది. మాన్కుబాయి నా మణికట్టు పట్టుకుంది. బండి ఒక పక్కకు జరిగింది, మళ్లీ నేల పట్టింది. ఇవతలి ఒడ్డు ఎక్కాం. నేను బిడ్డ గుండె విన్నాను. నూట నలభై. ఘాటు ఎక్కుతున్నంతసేపూ ఒక చెవి ఆమె కడుపు మీద, ఒక చెవి ఇరుసు మీద. రెండూ సరిగ్గా నడిచాయి.

ఆసుపత్రిలో ఆమె బీపీ నూట డెబ్బై. గంటలోపు ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. రెండు కిలోల ఏడు వందల గ్రాములు. తల్లి మూడో రోజు లేచి కూర్చుని, బండి బాగుందా అని అడిగింది. ఎక్కేటప్పుడు బండి గురించి మేం మాట్లాడుకున్నది విన్నదట.

సరైన సీల్ వచ్చాక హబ్ మళ్లీ విప్పించాను. మిస్త్రీ వేలితో గ్రీజు తీసి వెలుగులో పట్టాడు. తేనె రంగు. చుక్క నీళ్లు లేవు. మారుతి దాన్ని చూశాడు. బయటికి వెళ్లి, వానలకు వెలిసిపోయిన కుచ్చులు విప్పి కొత్తవి కట్టాడు.

అక్టోబరు ఆఖరున డ్యూటీ ముగిసింది. బస్సు దగ్గరికి మారుతే దింపాడు. ట్రంకు పైకెక్కించి, "మల్ల వచ్చే ఏడు వస్తరా అమ్మా?" అన్నాడు. "తనిఖీకి వస్త," అన్నాను. లక్సెట్టిపేట దాటేసరికి ఎండ వచ్చింది. పెద్దపల్లిలో మా షెడ్ల దగ్గర దిగేసరికి మగ్గాలు ఆడుతున్నాయి. గేటు దగ్గరే నిలబడి, ఎండినది ఏదైనా ఉందా అని విన్నాను. అలవాటు.

ఇంటికి వచ్చినవాళ్లు అడుగుతారు, ఆ అడవుల్లో పులిని చూశారా అని. చూడలేదు. నేను చూసింది ఒక చెయ్యి. వాగు పెరుగుతోంది, వాన పడుతోంది, చక్రం ఆవిరి కక్కుతోంది. ఒక మనిషి గొంతుక్కూర్చుని, చేతి వెనుకభాగం దానికి ఆనించి, తల పైకెత్తకుండా నాతో అంటున్నాడు.

"ఇంక జర ఉడుకున్నదమ్మా. ఇంక జర ఉన్నది."